బల్లకట్టు నా కోసం ఆగిన సోమవారం

నా జీవితంలో ఒక మనిషి ఉద్యోగం తీయించాను. అందుకు నాకు అధికారం లేదు, పలుకుబడి లేదు, ఆ మనిషి మీద కోపం కూడా లేదు. ఒక మోటారు సైకిలూ, ఒక ఇంగ్లీషు వాక్యమూ ఉన్నాయి. ఆ రెండూ సరిపోయాయి.

మోటారు సైకిలు గుడివాడలో మా మేనమామది. రైసుమిల్లు ఉన్న మనిషి ఇంకా సైకిలు తొక్కడం ఏం బాగుంటుందని ఎవరో అన్నారట. మిలిటరీ వాళ్లు వదిలించుకున్న బండిని మద్రాసు వేలంలో పాడుకొచ్చాడు. వారం తిరక్కుండా దాన్ని తన మిల్లు ముందున్న వడ్లబస్తాల మీదికే ఎక్కించి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయనకి నా మీద ప్రేమ పుట్టింది.

"బియస్సీ చదివినవాడివి. దీనికి బుర్ర ఉన్నవాడే కావాలి. తీసుకుపోరా అల్లుడూ" అన్నాడు.

అప్పటికే ఊళ్లో బుర్ర లేనివాళ్లందరినీ అడిగి చూశాడని అత్తయ్య తర్వాత చెప్పింది.

అదే ఏడాది నాకు దివిసీమలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారి పని దొరికింది. టెంపరరీ. అమ్మ బందరు ఇల్లు వదలనంది. నేను స్కూలు పక్కన గది తీసుకున్నాను. శనివారం మధ్యాహ్నం ఇంటికి రావడం, సోమవారం పొద్దున వెళ్లడం. మధ్యలో కృష్ణ పాయ. అక్కడ అప్పటికి వంతెన లేదు. వస్తుందని ప్రతి ఎన్నికలకీ చెప్పేవాళ్లు కాబట్టి, వంతెన లేని లోటు మాకు పెద్దగా తెలిసేది కాదు.

వంతెనకి బదులు బల్లకట్టు ఉండేది. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన బిగించి మీద పలకలు పరిస్తే అదే బల్లకట్టు. ఒక కారో, జీపో, లేకపోతే రెండు ఎడ్లబండ్లో పట్టేవి. మిగిలిన జాగాలో జనం, వాళ్ల గంపలు, మేకలు. గెడలు వేసి తోసేవాళ్లు. సముద్రం దగ్గర కావడం వల్ల అక్కడి నీళ్లు నది చెప్పిన మాట వినేవి కావు. పోటు వస్తే పాయ నిండేది. పాటు తీస్తే మధ్యలో ఇసుక తిప్ప వీపు పైకి తేలేది. పాటు ముదిరాక బయల్దేరితే బల్లకట్టు ఆ తిప్ప మీద కూర్చునేది. మళ్లీ పోటు వచ్చేదాకా లేచేది కాదు. అంచేత సోమవారం నా మొదటి పీరియడు టైంటేబులు ప్రకారం కాక చంద్రుడి ప్రకారం నడిచేది. మా హెడ్మాస్టారు దీన్ని కూడా సైన్సులో భాగంగానే భావించి ఊరుకునేవారు.

గట్టుకీ బల్లకట్టుకీ మధ్య రెండు పలకలు వేసేవాళ్లు, కారు చక్రాల ఎడం చూసుకుని. మోటారు సైకిలుకి ఒక పలక చాలు. తోసే మనిషికి రెండోది కావాలి. ఆ రెంటికీ మధ్య బోలెడంత ఖాళీ, కింద బురద. మొదటి సోమవారం బండి ఒక పలక మీదా నేను ఇంకో పలక మీదా బయల్దేరాం. సగం దూరంలో మా దారులు వేరయ్యాయి. బండిని బల్లకట్టు సరంగు రెండంగల్లో వచ్చి పట్టుకున్నాడు. నన్ను ఎవరూ పట్టుకోలేదు.

నేను మోకాలి లోతు బురదలోంచి పైకి చూసేసరికి అతను తలగుడ్డ విప్పి బండి ట్యాంకు తుడుస్తున్నాడు.

"ఏం కాలేదు మాస్టారూ, భయపడకండి. గీత కూడా పడలేదు" అన్నాడు.

సరంగంటే బల్లకట్టుకి పెద్ద. ఎప్పుడు తీయాలో, ఎప్పుడు ఆపాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో అతను చెప్పాలి. నలభయ్యేళ్లుంటాయి. సన్నగా, గెడ లాగే ఉండేవాడు. వాళ్ల నాన్నా ఆ రేవులోనే చేశాడు. ఇతను చేరి పదకొండేళ్లయినా ఇంకా టెంపరరీయే. ఎప్పుడు అడిగినా కాయితం పైకి వెళ్లిందనేవాళ్లట. పర్మనెంటు అయితే ఖాకీ చొక్కా ఇస్తారు, ముసలితనంలో పింఛను ఇస్తారు, అన్నిటికన్నా ముఖ్యంగా, రేపటినించి రావద్దని ఎవడు పడితే వాడు అనలేడు. అతనికి జీవితంలో కావలసింది ఆ ఒక్క కాయితం. తక్కినవాటి గురించి అతను మాట్లాడగా నేను వినలేదు, నా మోటారు సైకిలు గురించి తప్ప.

బండి పెట్టడానికి బల్లకట్టు మీద ఒక చోటు అతనే ఖాయం చేశాడు. ముందు చక్రానికి అడ్డంగా ఒక ఇటుక, వెనకదానికి ఇంకొకటి, కొబ్బరితాడుతో కమ్మీకి రెండు చుట్లు. చేపల గంపతో కూర్చునే ఒకావిడ ప్రతిసారీ ముక్కు మూసుకునేది.

"ఏందయ్యా మాస్టారూ, నీ బండి కంపు? నా చేపలు చెడిపోతయ్యి!"

"నీ చేపల దెబ్బకి ఆయన పెట్రోలు చెడిపోకుండా చూసుకోమను" అనేవాడు సరంగు.

రేవులో ఎవరి కోసం ఆగాలి, ఎవరి కోసం ఆగక్కర్లేదు అన్నదానికి ఒక పద్ధతి ఉండేది. ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు. ఆఫీసరు జీపు వస్తోందని కబురొస్తే బల్లకట్టు ఆగుతుంది. ఆసామి కారు కోసం ఆగుతుంది, ఆసామి ఇంకా భోంచేస్తున్నా సరే. నడిచి వచ్చేవాళ్ల కోసం ఆగదు. మోటారు సైకిలు ఈ లెక్కలో ఎక్కడ వస్తుందో అప్పటిదాకా ఎవరికీ అవసరం పడలేదు. అదింతకు ముందు ఆ రేవుకి రాలేదు. సరంగు ఆలోచించి, దాన్ని కారు పక్కన చేర్చాడు.

బందరు వైపు కరకట్ట మీద నా బండి చప్పుడు మైలు దూరాన వినపడితే చాలు, గెడ పక్కన పెట్టి ఆగేవాడు. "అదుగో మాస్టారు" అనేవాడు. మిగతావాళ్లకి ఏమీ వినపడేది కాదట. ఐదు నిమిషాల్లో నేను దిగేవాణ్ని. తన చెవిని గురించి అతనికి గొప్ప. నాకు నా గురించి. ఆగమని నేను ఒక్కసారి కూడా అనలేదు. ఇలా ఆగకు, అందరికీ ఆలస్యం, అని కూడా అనలేదు. ఎక్కాక, "ఈ రేవులో పనిమంతుడంటే నువ్వేనయ్యా" అనేవాణ్ని. అంతే.

శీతాకాలంలో ఒక శనివారం అతను అర్జీ రాసి పెట్టమన్నాడు. ఇంగ్లీషులో, పైకి వెళ్లేలా. బల్లకట్టు మీదే, బండి సీటు మీద కాయితం పెట్టి రాశాను. పదకొండేళ్లుగా తమ దయకు పాత్రుడనై, వానకీ వరదకీ వెరవకుండా, అంటూ మొదలుపెట్టి రెండు పేజీలు నడిపాను. తెలుగులో చదివి చెప్పమంటే చెప్పాను. అతను కాసేపు నీళ్లలోకి చూశాడు.

"ఇదంతా నేనేనంటారా?"

"నువ్వేనయ్యా."

"ఆర్డరు వచ్చుద్దంటారా?"

"రాకపోతే ఇంగ్లీషు భాషకే అవమానం. వచ్చిన రోజున నిన్ను బండెక్కించి మీ ఊరంతా ఊరేగిస్తాను."

అంతకు ముందు రెండుసార్లు అతను బండెక్కించమని అడిగాడు. ఒకసారి టైం లేదన్నాను, ఒకసారి టైరు బాగాలేదన్నాను. ఈసారి నవ్వి, "ఆర్డరొచ్చినాకే ఎక్కుతాలెండి" అన్నాడు. నాకూ అదే నయమనిపించింది.

తర్వాత వేసవి రాకముందు, ఒక అమావాస్య మర్నాటి సోమవారం. అమావాస్యకీ పున్నానికీ పాటు మరీ లోతుగా తీస్తుంది. పొద్దున ఎనిమిదికల్లా బయటపడకపోతే కుదరదని శనివారమే సరంగు చెప్పాడు. నేను ఏడింటికి బందర్లో ఒక కాఫీ హోటల్లో ఉన్నాను. నాతో కాలేజీలో చదివిన ఇద్దరు కనపడ్డారు. ఒకడు ప్లీడరు దగ్గర జూనియరు, ఒకడు ఇంకా ఏమీ కాలేదు.

"ఏరా, దీవిలో ఎలా ఉంది?" అన్నాడు జూనియరు.

"బాగానే ఉంది. నేను వెళ్లందే బల్లకట్టు కదలదు."

"కొయ్యి."

"కొయ్యడం కాదురా. కలెక్టరుకీ నాకూ ఆగుతుంది. కలెక్టరుకైతే కబురు పెట్టాలి. నాకు అదీ అక్కర్లేదు, చప్పుడు చాలు."

ఈ ముక్క బాగా పండింది. ఏమీ కానివాడు నవ్వితే కాఫీ పొలమారింది. అంచేత రెండో కాఫీ చెప్పాను, పలకల మీద మా దారులు వేరవడం, చేపల గంపావిడ, సరంగు చెవి, అన్నీ చెప్పాను. బల్లకట్టు నా కోసం ఎలా ఆగుతుందో చెప్పడం పూర్తయ్యేసరికి, అది నా కోసం ఆగాల్సిన టైము వచ్చేసింది.

ఆ తర్వాత రేవులో జరిగింది నాకు బల్లకట్టు మీదున్న ఒక రైతు చెప్పాడు. ఎనిమిదయింది, జనం ఎక్కారు. తీయబోతూ సరంగు చెయ్యెత్తి ఆగమన్నాడు. దూరంగా డుబడుబమని చప్పుడు. "అదుగో మాస్టారు." ఐదు నిమిషాలైంది. చప్పుడు అలాగే ఉంది, దగ్గరికి రాలేదు. అది కరకట్ట అవతల చేలో ఎవరో కొత్తగా బిగించిన ఆయిలింజనని రైతు అతనితో అన్నాడు. సరంగు ఒప్పుకోలేదు. "నాకు తెలవదా ఆయన బండి చప్పుడు? మలుపు కాడ జనం అడ్డమొచ్చుంటారు" అన్నాడు. చెవి మీద మాట పడ్డాక మనిషి ఇంక దిగి రాడు. ఇరవై నిమిషాలు అలా ఆ ఇంజను కోసం బల్లకట్టుని ఆపాడు. నీళ్లు గట్టుని వదిలి కిందికి జారుతున్నాయి.

అప్పుడు నేను నిజంగానే వచ్చాను.

"చెప్పానా?" అన్నాడు సరంగు, బండికి ఎదురొచ్చి. మొహం వెలిగిపోతోంది.

"నా బాబే! మాస్టారు ఇక్కడే ఉన్నాడు గదా, మరి ఆ చేలో ఇంకా మోగుతుంది ఎవరంట?" అంది చేపల గంపావిడ.

జనమంతా నవ్వారు. సరంగు నవ్వలేదు. ఇటుకలు సరిచేసి, తాడు బిగించి, గెడ అందుకున్నాడు.

సగం పాయ దాటాక అడుగున ఇసుక రాసుకున్న శబ్దం వచ్చింది. ఇద్దరు గెడవాళ్లూ సరంగూ నీళ్లలోకి దూకి భుజాలు పెట్టారు. బల్లకట్టు తిప్ప మీద పెద్దమనిషిలా కూర్చుంది. కాసేపటికి చేపల వేటకి వెళ్లే చిన్న పడవ ఒకటి వచ్చి జనాన్ని విడతలు విడతలుగా అవతలికి చేర్చింది. నన్నూ రమ్మన్నారు. మోటారు సైకిలు ఆ పడవలో పట్టదు. దాన్ని వదిలి నేను రాను.

అప్పుడు చూశాను, దీవి ఒడ్డున జీపుని. దాని పక్కన తెల్లబట్టల్లో ఒక ఆఫీసరు. పదింటికి బందర్లో ఆయనకి మీటింగట. కావాలంటే ఆయన కూడా ఆ చిన్న పడవలో వచ్చేయొచ్చు. కాని జీపు లేకుండా బందర్లో దిగితే ఆయన ఆఫీసరని ఎవరికి తెలుస్తుంది? అలా ఆయన జీపుని వదల్లేక ఒడ్డునా, నేను బండిని వదల్లేక నడినదిలోనూ, ఒకరికొకరు కనపడుతూ నాలుగ్గంటలు గడిపాం. నిలబడి నిలబడి కాళ్లు లాగి, నేను బండెక్కి కూర్చున్నాను. నదిమధ్యలో కదలని మోటారు సైకిలు మీద ఒక మనిషి. ఆయనకి ఆ దృశ్యం బాగా గుర్తుండిపోయి ఉంటుంది.

సరంగు నీళ్లలో నిలబడి ఒకే మాట అన్నాడు.

"అచ్చం మీ బండి లాగే ఉంది మాస్టారూ చప్పుడు."

పది రోజుల తర్వాత రేవు పనులు చూసే ఆఫీసునించి ఒక ఓవర్సీరు మా స్కూలుకి వచ్చాడు. హెడ్మాస్టారి గదిలో కూర్చోబెట్టి నన్ను పిలిచారు. మర్యాదస్తుడు. ముందు మా ఊరు, మా వాళ్లు, అన్నీ అడిగాడు.

"మీ మీద ఏమీ లేదండీ మాస్టారూ. మీరు కంగారుపడకండి. ఒక్క ముక్క రాసిచ్చేస్తే నేను వెళ్లిపోతాను. బల్లకట్టు ఆపమని మీరు అడిగారా?"

"లేదండీ."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ లేదండీ."

"చాలండీ. అదే రాయండి. ఇంగ్లీషులో అయితే పైన బాగుంటుంది."

"అలవాటుగా నా కోసం ఆగేవాడండీ. అది కూడా..."

"అవన్నీ ఎందుకు లెండి" అన్నారు హెడ్మాస్టారు, కిటికీలోంచి బయటికి చూస్తూ. "మీ కన్‌ఫర్మేషను కాయితాలు కూడా ఈ నెలలోనే కదా పైకి వెళ్లేది."

నిజమే, నేనూ టెంపరరీనే. నాకూ ఒక కాయితం రావాలి.

రాశాను. బల్లకట్టును నా కోసం ఆపవలసిందిగా నేను ఎవరినీ, ఎన్నడూ, ఏ విధంగానూ కోరియుండలేదు. ఇంగ్లీషులో ఇది ఇంకా బాగుంటుంది. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క అబద్ధం లేదు. రాశాక ఒకసారి చదువుకుని తృప్తి పడ్డానని ఒప్పుకోవాలి. ఓవర్సీరు దాన్ని ఫైల్లో పెడుతుంటే, దాని కింద నా దస్తూరితోనే రెండు పేజీలు కనపడ్డాయి. వానకీ వరదకీ వెరవకుండా. ఆయన గమనించలేదు. నేను చెప్పలేదు.

ఆపడం తప్పయితే ఆ రేవులో ప్రతి సరంగునీ ఏనాడో తీసెయ్యాలి. ఆఫీసరు జీపు కోసం గంట ఆపితే అది మర్యాద. ఆ జీపుని ఒడ్డున నిలబెట్టి ఒక బడిపంతులు కోసం ఇరవై నిమిషాలు ఆపితే అది నేరం. సరంగు చేసిన తప్పల్లా, నన్ను నా కన్నా కొంచెం పెద్ద సైజు మనిషి అనుకోవడం. ఆ అభిప్రాయం నేనూ చెరపలేదు.

ఆ సోమవారం నించే అతన్ని కొన్నాళ్లు రావద్దన్నారు. ఖాకీ చొక్కా వేసుకున్న కొత్త సరంగు వచ్చాడు. అతను వచ్చాక రెండుసార్లు బల్లకట్టు నన్ను వదిలేసి వెళ్లింది. ఇటుకలు కూడా కనపడకుండా పోయాయి. ఆ రెండు నెలల్లో పాత సరంగు ఇంటికి వెళ్లి చూద్దామని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడంలో నాది ఎప్పుడూ లోపం లేదు.

వేసవి సెలవుల ముందు శనివారం మధ్యాహ్నం, దీవి వైపు రేవులో అతనే నా కోసం నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా, నూనె రాసి దువ్విన తల.

"వచ్చింది మాస్టారూ!" అన్నాడు, నేను బండి దిగకముందే.

చొక్కా లోపలనించి కాయితం తీశాడు. టైపు కొట్టిన ఇంగ్లీషు, కింద గుండ్రటి ముద్ర. నాలుగు రోజుల కిందట వచ్చిందట. ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవాళ్లు లేకపోలేదు. మీరు రాసిందానికి జవాబు గదా, మీరే చదవాలని ఉంచానన్నాడు.

చూశాను. అందులో ఏముందో తెలియడానికి మొదటి వరస చాలు. అయినా చివరిదాకా చదివాను, ఎక్కడైనా వేరేగా ఉంటుందేమోనని.

"నిన్ను పనిలోంచి తీసేశారయ్యా" అన్నాను.

అతను కాయితం వైపు చూపించాడు.

"పది వరసలున్నయ్యి గదా మాస్టారూ. మీరు ఒక్క ముక్కే చెప్పారు. తక్కినయ్యి కూడా చదవండి."

చదివాను. ఫలానా రోజున ఫలానా వేళకి తియ్యవలసిన బల్లకట్టుని సొంత ఇష్టంతో ఆపినందుకు. ప్రభుత్వ పనికి భంగం కలిగించినందుకు. సదరు ఉపాధ్యాయుడు, బల్లకట్టును తన కోసం ఆపవలసిందిగా తాను ఎవరినీ, ఎన్నడూ, ఏ విధంగానూ కోరియుండలేదని లిఖితపూర్వకంగా తెలియజేసినందున. నా వాక్యాన్ని వాళ్లు ఒక్క కామా కూడా మార్చకుండా వాడుకున్నారు. నేనే దాన్ని తెలుగులోకి మార్చి చెప్పాను.

"నిజమే గదండీ" అన్నాడు అతను. "మీరు ఏనాడూ ఆపమన్లేదు. నేనే ఆపా."

ఎత్తిపొడిచినా బాగుండేది. ఆ గొంతులో అలాంటిదేమీ లేదు. నా తరఫున సాక్ష్యం చెబుతున్నట్టు అన్నాడు. కాయితాన్ని ఉన్న మడతల మీదే మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"ఎక్కవయ్యా, ఇంటి దగ్గర దించుతాను" అన్నాను.

బండి వైపు చూశాడు.

"ఆర్డరొచ్చినాకేగా అన్నారు. వచ్చింది గదా, పదండి."

ఎక్కాడు. నా భుజం పట్టుకోలేదు, సీటు కింద కమ్మీ పట్టుకున్నాడు. కరకట్ట మీద మైలున్నర. దారిలో ఒక్కసారే మాట్లాడాడు. "పైన కూర్చుంటే చప్పుడు ఇంకో రకంగా ఉంది మాస్టారూ. దూరానికి ఎట్టా వినపడుద్దో మీకు తెలవదు." ఊరి మొదట్లో అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. అతని ఉతికిన చొక్కానీ, బండినీ చూసి ఒకాయన లేచి నిలబడి కేకేశాడు.

"ఏం బావా, పర్మనెంటు అయ్యిందా?"

"అయ్యిందిలే!" అని అరిచాడు వెనకనించి.

వాళ్లు చప్పట్లు కొట్టారు. నేను బండి ఆపలేదు. ఇల్లు ఎక్కడో చెబితే అక్కడ దించాను. లోపలికి రమ్మన్నాడు, మజ్జిగ తాగి వెళ్లమన్నాడు. ఆలస్యమవుతుందన్నాను. "అవును, పాటు తీసుద్ది, ఎళ్లండి" అన్నాడు.

రేవుకి తిరిగొచ్చేసరికి బల్లకట్టు గట్టు వదిలి ఇరవై గజాలు పోయింది. ఎండలో నీళ్లు మెరుస్తున్నాయి, తిప్ప అంచు అప్పుడే బయటపడుతోంది. ఖాకీ చొక్కా సరంగు చప్పుడు విని తల తిప్పి నన్ను చూశాడు. గెడ ఒక్క క్షణం పైనే ఉంది. మళ్లీ దించి తోశాడు.

ఆపమని నేను అనలేదు.